వరస

ఏరు దాటి, గునుపురం ఆటో దిగి,
ఇంకో పావుగంట నడిస్తే మా బడి.
తిట్టుకోడానికి తెలుగు,
లెక్కలకి ఒడియా,
గుసగుసలకి సవర.
నేనక్కడ వంట చేస్తాను. నా పేరు దాలమ్మ.
నా చిన్నది అక్కడే నాలుగు.

బుధవారం, శనివారం గుడ్డు.
ఆ రెండు రోజులూ హాజరు పట్టీ నిండుగా ఉంటాది.
సొంబారు గొమాంగో కొడుకు కొండ దిగొచ్చి
సగం తిని,
సగం అడ్డాకులో చుట్టి
లాగు జేబులో పెట్టుకుంటాడు.
చెల్లికట. చూడనట్టు ఊరుకుంటాను.

పోయిన నెల తెల్ల బండి ఒకటొచ్చింది.
స్టీలు క్యాన్లలో వేడన్నం రోజూ మేమే పంపుతాం, అన్నారు.
గుడ్డుండదు. ఉల్లిపాయుండదు.
తినేముందు ఒక శ్లోకం,
అంతే కదమ్మా, అన్నారు.
అదే వారం ఇంకో జీపొచ్చింది.
గాలివానకి ఎగిరిపోయిన రేకులు వేయిస్తాం,
బెంచీలిస్తాం,
శుక్రవారం బడి వదిలాక ఒక్క గంట
పిల్లల్ని ప్రార్థనకి ఉంచండి చాలు, అన్నారు.
ఇద్దరూ మంచోళ్ళే.
ఇద్దరూ నా పులుసు రుచి చూసి మెచ్చుకున్నారు.
పాణిగ్రాహి మాస్టారు రెండు కాగితాలూ
ఒకే రాయి కింద పెట్టి
మీటింగు పిలిచారు.

నేను దేవుడు లేడనేదాన్ని కాదు.
గౌరమ్మకి దీపం పెట్టందే
పొద్దున్న టీ కూడా ముట్టను.
శ్లోకమే కదా అని నాకూ అనిపించింది.
దర్జీ ఖాసిం లేచి అడిగాడు,
మావాడు ఆ ముక్క పలక్కపోతే అన్నం పెడతారా అని.
ఎందుకు పెట్టం బాబూ,
ఆ కాసేపు పక్కన నించోమంటాం.

పక్కన.

ఆ మాటకి నా చేతిలో గరిటె ఉండుంటే
కింద పడేది.
మా అమ్మ ఇదే బళ్ళో రెండేళ్ళు పక్కన కూర్చుంది.
పక్కనుంచే నీళ్ళు పోశారు.
పక్కనుంచే పలక విసిరారు.
మూడో ఏడు బడి మానేసి గొడ్ల వెంట పోయింది.

అర్జీ రాయాలన్నారు.
పది పాసైన ఎస్తేరు రయితా కలం తీసింది.
జీపులో వచ్చింది వాళ్ళ చర్చివాళ్ళే.
అదీ వద్దనే రాస్తాను, అంది.
ఆ ఆదివారం నుంచి పాస్టరుగారు
ఆమె మొహం చూడ్డం లేదట.
ఏ మాట రాయాలీ అంటే
మాస్టారు ఒడియాలో ఒకటి చెప్పారు, ధర్మనిరపేక్ష.
మా నోళ్ళు తిరగలేదు.
తెలుగులో లౌకికమంటారట.
గోలీ మందు పేరులా ఉంది, అన్నాడు ఖాసిం.
అంతసేపూ గోడకానుకుని కూర్చున్న సొంబారు
సవరలో ఏదో అన్నాడు, నేల చూస్తూ.
ఎస్తేరు మాకు తిప్పి చెప్పింది:
"అన్నానికి వరస ఒకటే ఉండాలంట."

నాకు తెలుగులో వినబడింది ఆ మాట.
వరసంటే లైనొకటే కాదు కదా మనకి.
అత్త వరస, బావ వరస,
ఎవరికెవరు ఏమవుతారో చెప్పేదీ అదే కదా.
అదే రాయమన్నాను.

నలభై మూడు సంతకాలు. ఇరవై తొమ్మిది వేలిముద్రలు.
మా ఆయన వెయ్యలేదు.
దేవుడి మాట చెవినేసుకుంటే
గుంటలు చెడిపోతారేటే, అన్నాడు.
చెడిపోరు.
అంతకంటే జవాబు నాకింకా దొరకలేదు.
రాత్రి అన్నం వడ్డిస్తూ వెతుకుతూనే ఉన్నాను.

బ్లాకాఫీసులో కాగితం తీసుకున్నారు,
రసీదివ్వలేదు.
పండగలెళ్ళాక రమ్మన్నారు.
ఏ పండగలో చెప్పలేదు.

ఇవాళ బుధవారం. నూటపన్నెండు గుడ్లు.
నాలుగు పగిలితే నా డబ్బుల్తో తెచ్చాను.
రేకులింకా పడలేదు,
మూడో తరగతిలో చూరు కారుతోంది.
బకెట్టు నిండిందని కేకేస్తే
సొంబారు కొడుకూ ఖాసిం కొడుకూ పరిగెత్తారు.
చెరో పక్కా పట్టుకుని,
నువ్వొదులంటే నువ్వొదులని తన్నుకుంటూ
సగం నీళ్ళు వరండాలోనే ఒలకబోశారు.
అక్కడే పిల్లలు కూచోవాలి.
గోనె పట్టా తీసుకుని
తుడవడానికి పోతున్నాను.